ఓటు నడుగ వచ్చినవాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కల్లమునకు వచ్చిన బేరగాడు మిరపకాయను గుప్పిట పట్టి, తేమయు రంగును చూచి గాని ధర పలుకడు. ఐదేండ్లకొకమాఱు వాకిటికి వచ్చు అభ్యర్థిని మనము అంతమాత్రమైనను పరీక్షింపవలదా?

పరీక్షకు నిలిచిన అభ్యర్థి మన సీమలోనే కలడు. నాడు గుంటూరు జిల్లాయందును, 2022 నుండి పల్నాడు జిల్లాయందును ఉన్న సత్తెనపల్లిలో 1906లో జన్మించిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు స్వాతంత్ర్య సమరమున చెఱసాల కేగిరి, గ్రంథాలయోద్యమమున పాటుపడిరి. 1952, 1955, 1962, 1967 సంవత్సరములలో ఆ స్థానమునుండియే శాసనసభకు ఎన్నికైరి.

1952లో ప్రతి అభ్యర్థికిని వేఱుపెట్టె, దానిపై అతని గుర్తు ఉండెను. చదువురాని ఓటరు గుర్తు చూచి అందు చీటి వేసెడివాడు. 1962 నాటికి గుర్తులన్నియు ఒకే చీటిపై చేరెను. పెద్ద పార్టీల గుర్తులు జనమెఱిగినవి. స్వతంత్ర అభ్యర్థియో, తనకు లభించిన గుర్తును ఇంటింట తెలుపుకొనవలెను. అయినను వావిలాలవారు 1962లోను, 1967లోను స్వతంత్రులుగనే నెగ్గిరి. గుర్తుకంటె ముందు మనిషి తెలిసియుండెను. నిరాడంబరులగు వారిని ప్రజలు ఆంధ్ర గాంధీ యనిరి.

ఏఱు దాటుదాక ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య యని నాయకులను నిందింతుము. ఓటునకు నోటు పుచ్చుకొన్న చేయి ఎవరిది? సరకు అమ్మి సొమ్ము పుచ్చుకొన్నవాడు పిమ్మట దాని లెక్క ఎట్లడుగగలడు?

ఈ గ్రంథాలయమున పత్రికలున్నవి. శాసనసభలో మన ప్రతినిధి ఏమి పలికెనో, ఏమి పలుకకుండెనో చదువుడు. అతడు మరల వాకిటికి వచ్చిననాడు, ముందు అది అడుగుడు.