రంగూన్ సంపాదన, మస్కట్ సంపాదన

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతున్నదో ఆ మాస్టారు లెక్కల మనిషి, పొగడ్తలు ఆయనకు గిట్టవు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

చందాలు వేసుకోవడం మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. గల్ఫ్‌లో మనిషి పోతే శవపేటిక ఊరు చేరేదాకా చందాలు వేసుకున్నవాళ్లం. పిల్లకు బ్లడ్ క్యాన్సర్ అని తెలిసిన సాయంత్రానికే ఫోన్‌పే నంబరు వాట్సాప్‌లో తిరుగుతుంది. మస్కట్ నుంచి, దుబాయి లేబర్ క్యాంపుల నుంచి ఐదువందలు, వెయ్యి వస్తాయి. ఆ చేతులకు దండం పెట్టాలి. అయితే ఆ డబ్బు ఎప్పుడు, దేనికి అందితే పిల్ల బతుకుతుందో అది కూడా మాట్లాడుకోవాలి.

దూరదేశపు సంపాదన ఏం చేయగలదో చూపే కాకినాడ సంగతి ముందు చెబుతాను. మల్లాడి సత్యలింగ నాయకర్ రంగూన్ పోయి సంపాదించినది ధర్మానికి రాసిపోయారు. ఆ ధర్మనిధి సాయానికి మామగారు సమకూర్చిన డబ్బు తోడైతేనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికా ఓడ ఎక్కగలిగారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి మందును ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఇంకా ఎగిసినట్టు కనిపించింది. మరి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు ఇస్తే? అదీ సుబ్బారావు బృందమే చేసి పంపింది. పేరు అమినోప్టెరిన్. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. కొన్నాళ్లకు తిరగబెట్టింది, నిజమే. కానీ మందుకు లొంగుతుందని లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ల్యుకేమియా పిల్లలకు వెన్నులో సూదిగానూ వారానికోసారి గోలీగానూ ఇస్తున్నారు.

అదే 1948 మే నెలలో ఫార్బర్ దగ్గరున్న 12 ఏళ్ల పిల్లవాడితో ఒక రేడియో కార్యక్రమం వాళ్లు మాట్లాడారు. బేస్‌బాల్ చూసుకోవడానికి వాడికి టీవీ కావాలి, 20 వేల డాలర్లు పోగైతే కొనిస్తామన్నారు. రెండు లక్షలు దాటి వచ్చాయి. వాడికి టీవీ వచ్చింది, ఆ వసూలే పరిశోధనకు శాశ్వత నిధిగా నిలబడింది. ఆ పిల్లవాడి అసలు పేరు మాత్రం బయటపెట్టలేదు, ‘జిమ్మీ’ అన్నారు. అసలు మనిషెవరో లోకానికి తెలిసేసరికి 50 ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయన తాతయ్య వయసులో నిక్షేపంగా ఉన్నాడు. మనమేం చేస్తున్నాం? జుట్టు రాలిన తల, ముక్కులో పైపు, ఆధార్ కార్డుతో సహా అన్ని గ్రూపుల్లో పెడుతున్నాం. పిల్ల బాగై బడికి పోతున్నా ఆ ఫోటో తిరుగుతూనే ఉంటుంది. రేపు పెళ్లి సంబంధం వచ్చిననాడు కూడా తిరుగుతుంది. ఇది ఆపాలి.

ఇక బతికే లెక్క చూడండి. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బయటపడుతున్నారు. చాలా పేద దేశాల్లో 30 మంది కూడా దాటడం లేదు. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60కి చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. మందులు చాలావరకు పాతవే. మన దగ్గర 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలకు పెరిగింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మరి పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు?

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే తండ్రి, బీడీలు చేసే తల్లి అనుకోండి. ల్యుకేమియా వైద్యం రెండు నుంచి మూడేళ్లు. జేబీఎస్ బస్టాండులో దిగి ఆటో, ఆసుపత్రి, రాత్రి పడుకునే చోటు, ఇద్దరి కూలి. వచ్చిన చందా మొదటి నెలల్లోనే అయిపోతుంది. ఆ తర్వాతదే గడ్డుకాలం. పిల్లకు జుట్టు వస్తుంది, బుగ్గలు నిండుతాయి, వాకిట్లో ఆడుకుంటుంది. ‘మంచిగైంది గదా, ఇగ ఎందుకు’ అని ఇంట్లో ముసలమ్మ అంటుంది. వేళకు వేయాల్సిన గోలీలు ఆగిపోతాయి. జబ్బు తిరగబెడితే మొదటిసారి లొంగినంత సులువుగా లొంగదు. ఆడుకుంటున్న పిల్ల ఫోటో చూసి మాత్రం ఎవరూ చందా ఇవ్వరు.

ఇంకొకటి, థర్మామీటర్. కీమో నడుస్తున్న పిల్లకు 100.4 డిగ్రీలకు చేరితే అది మామూలు జ్వరం కాదు. తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు, ఇన్‌ఫెక్షన్ గంటల్లోనే ప్రాణం తీయగలదు. కోరుట్లలో రాత్రి పదకొండింటికి అలా కాలిందంటే, ఆర్‌ఎంపీ దగ్గర గోలీ తెచ్చి పొద్దున చూద్దామనుకోవద్దు. ఆ పూట ఆసుపత్రికి పోయే కారు కిరాయి ఇంట్లో ఉండడమే వైద్యం.

పరిశోధన అంటే గాజు గొట్టాలే అనుకుంటాం. డానీ థామస్ అనే నటుడు చందాలు పోగుచేసి 1962లో మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రి ఉన్న మందులనే కలిపింది. వరస మార్చింది, మోతాదు మార్చింది, ఒక్కో పిల్ల లెక్క రాసుకుంది. ఆ దశాబ్దం ముగిసేసరికి ల్యుకేమియా పిల్లల్లో సగం మంది దాకా నయమయ్యే దారి దొరికింది. మన మూడు పట్టణాల్లో ఎంతమంది పిల్లలు వైద్యం మొదలుపెట్టారు, ఎందరు నడుమ ఆపారు, ఎందుకు ఆపారు? ఇది రాసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మాస్టారు ఉంటే ముందు రిజిస్టరు తెమ్మనేవారు.

కాబట్టి మూడు పట్టణాలకూ కలిపి ఒక నిధి పెట్టండి. పిల్ల పేరు, ఫోటో బయటికి పోవద్దు. బస్సు కిరాయి, పోయిన రోజుల కూలి, రాత్రి కారు, నెలనెలా ‘గోలీ వేసినవా బిడ్డా’ అని అడిగే ఒక ఫోన్, ఆ రిజిస్టరు, వీటికే ఖర్చుపెట్టండి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లను ఒక్కటే అడుగుతున్నాను: ఒకేసారి ఆరువేలు పంపి ఊరుకోకండి. నెలకు రెండువందల చొప్పున 30 నెలలు పంపండి.