వేలిముద్ర పడని చేతులు





పొద్దున తుంగభద్ర మెట్ల మీద ఇద్దరు అవ్వలను చూశాను. ఒకామె బెంగళూరు నుంచి కారులో వచ్చింది. డెబ్బై రెండేళ్లట. మోకాళ్లకు ఆపరేషన్ చేయించుకుంది, చకచకా దిగిపోయింది. రెండో ఆమెది కోసిగి పక్క పల్లె. కూర్చుని, చేతులు ఆనించుకుంటూ ఒక్కో మెట్టూ జరిగింది. వయసడిగితే "అరవై ఉంటాయేమో నాయనా" అంది.

ఆమె ఏటా సుగ్గికి పోయిన మనిషి. ఈ పడమటి మండలాల్లో ఆ మాట వివరించక్కర్లేదు. వాన లేకపోతే వలసే. ఇంటికి తాళం, బియ్యం మూట, చంకలో బిడ్డ, గుంటూరు మిరప చేలు. వంగి వంగి కాయ కోసిన నడుం అది. ఆమె బొటనవేలు చూశాను. గీతలు అరిగి నున్నగా ఉంది. పింఛను రోజు వేలిముద్ర పడదట. కొంగుతో తుడుచుకుని మళ్లీ మళ్లీ పెడుతుందట.

ఆ అవ్వలిద్దరి మధ్య ఉన్నలాంటి తేడా మన దగ్గరే కాదు. లండన్‌లో వైట్‌హాల్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో ఒక అధ్యయనం మొదలైంది. అందరికీ ఉద్యోగం ఉంది, ఉచిత వైద్యం ఉంది. అయినా పై అధికారులతో పోలిస్తే అట్టడుగు హోదా వాళ్లలో గుండెజబ్బు మరణాలు సుమారు మూడింతలు. మధ్యలో ఉన్నవాళ్లకూ మెట్టు మెట్టుకూ తేడానే.

ఇక మన దగ్గరికి వస్తే, రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ఆ డబ్బుతో ఇంట్లో ముసలివాళ్ల మాటకు విలువ పెరగడం కళ్లారా చూశాను. కానీ కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే వెంట మనిషి కావాలి, ఆ మనిషికి కూలి పోతుంది. కొడుకూ కోడలూ సుగ్గికి పోయి ఉంటే తోడు వచ్చేదెవరు? మనవళ్లను చూసుకుంటూ, కంట్లో పువ్వు ముదిరేదాకా అవ్వ గడప దాటదు.

డాక్టరుగా కొత్తలో ఇలాంటి అవ్వలకు "వయసైపోయింది కదమ్మా" అని చెప్పి నొప్పి మాత్రలిచ్చి పంపాను. ఉన్నవాళ్లు వస్తే జబ్బు పేరేమిటని వెతికేవాణ్ణి, లేనివాళ్లకు వయసునే జబ్బుగా రాసేశాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నర్సులుగా, ఫిజియోథెరపిస్టులుగా పట్టాలు అందుకుంటున్న మీరు మాత్రం వయసుతో పాటు "ఏం పని చేసేదానివవ్వా?" అని అడగండి. ఎన్నేళ్లు సుగ్గికి పోయింది, కాన్పయిన ఎన్నాళ్లకు మళ్లీ చేలో దిగింది, ఇప్పుడు ఇంట్లో తోడెవరు, అన్నీ కేసు షీటులో రాయండి. పొద్దున నేనడిగితే ఆ అవ్వ మెట్టు మీదే సర్దుకుని కూర్చుని, పెళ్లయిన ఏడాది నుంచి మొదలుపెట్టింది.