వీడియో యాప్ మధ్యలో మూసుకుపోతుంటే



మొక్కజొన్న మొలిచి ఇరవై రోజులైందనుకోండి. లేత ఆకుల మీద పొర గీకినట్టు తెల్లని మచ్చలు కనిపించాయి. అది కత్తెర పురుగేనా అని పోల్చుకునేందుకు ఫోను తీసి యూట్యూబులో వీడియో పెట్టారు. అర నిముషం ఆడి, బొమ్మ మాయమై, ఫోను మొదటి తెర ప్రత్యక్షమైంది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే వరస. 2018లో మన దేశంలో మొదటిసారి కనబడిన ఈ పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు మందుకు లొంగుతుంది. పెరిగి సుడిలో దూరిందంటే మందు దాన్ని చేరటమే కష్టం. కనుక ఫోను చేసే ఆలస్యం చేనుకు ఖర్చు. మనలో ఎక్కువమంది వాడే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ బాధకు ఏం చేయాలో ఈవేళ ముచ్చటించుకుందాం.

ముందు రోగం ఏదో తేల్చుకోవాలి. బొమ్మ నిలిచిపోయి, మధ్యలో గుండ్రని గీత తిరుగుతూ ఉంటే అది చాలావరకు సిగ్నల్ లోపం. డాబా ఎక్కితే తీరవచ్చు. యాప్ తనంతట తానే మూసుకుపోతుంటే మాత్రం డాబా ఎక్కినా ఒకటే, ఊరవతల గట్టెక్కినా ఒకటే.

చేనులో ఒక్క మొక్క వాడితే వేరు పెరికి చూస్తాం. చేనంతా వాడితే నీటి సంగతి చూస్తాం. ఇక్కడా అట్లాగే చూడండి. యూట్యూబు ఒక్కటే మూసుకుపోతోందా, కెమెరా, వాట్సాప్ కూడా అదే దారి పట్టాయా? ఒక్కటే అయితే తప్పు ఆ యాప్‌లో ఉన్నదనుకోవచ్చు. అన్నీ అయితే ఫోనులోనే ఏదో ఉన్నది, తరచు చోటు చాలకపోవటం.

ఫోనులో చోటు రెండు రకాలు. సరుకు నిలవ ఉండేది గాదె వంటిది. పని జరిగేది కళ్ళం వంటిది. తక్కువ ధర ఫోన్లలో కళ్ళం చిన్నది. పది యాప్‌లు తెరిచి వదిలేస్తే పదకొండో దానికి కాలు పెట్టే జాగా ఉండదు. ఫోను ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ వెలిగిస్తే కళ్ళం ఊడ్చినట్టవుతుంది. ఇంత చిన్న పనితోనే చాలా ఫోన్లు దారికి వస్తాయి. ఎండలో గట్టు మీద పెట్టిన ఫోను కాలిపోతుంటే ముందు నీడకు చేర్చండి, తరువాత మిగతా మాట.

ఇక గాదె. దీన్ని నింపేది మన పంట కాదు, ఊరివాళ్ళు పంపే శుభోదయాలు, పెళ్ళి వీడియోలు! వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజి అండ్ డేటా అనే చోట వీడియోలు తమంతట తాము దిగకుండా ఆపవచ్చు. ఏ గ్రూపు ఎంత చోటు తింటున్నదో కూడా అక్కడే కనిపిస్తుంది. తీసేసేటప్పుడు మాత్రం చూసుకుని తీయండి. పాసుపుస్తకం ఫొటో, విత్తనాల బిల్లు ఫొటో ఆ చెత్తలోనే ఉండవచ్చు.

చోటు ఉన్నా మూసుకుపోతుంటే సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్ళి, యూట్యూబు పేరు నొక్కి, స్టోరేజి తెరవండి. అక్కడ రెండు మీటలుంటాయి. ఫోనును బట్టి పేర్లు కాస్త మారవచ్చు. క్లియర్ క్యాష్ నొక్కితే తాత్కాలికంగా దాచుకున్న సరుకు పోతుంది, మరేమీ పోదు. భయం లేదు. రెండోది క్లియర్ డేటా. అది నొక్కితే యాప్ కొత్తగా పెట్టినట్టవుతుంది. అందులో దింపుకున్న వీడియోలు కూడా పోతాయి. కనుక అది చివరి మందు. వాట్సాప్ మీద మాత్రం బ్యాకప్ లేకుండా ఆ మీట జోలికి పోకండి.

ప్లే స్టోరులో యాప్‌ను అప్‌డేట్ చేయటం కూడా చేయదగిన పనే. అయితే ఒక్కొక్కసారి అప్‌డేటే తెగులు తెస్తుంది. 2021 మార్చిలో అదే జరిగింది. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగానికి వచ్చిన అప్‌డేట్‌లో లోపం ఉండి, జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు పదేపదే మూసుకుపోయాయి. గూగుల్ సరిచేసిన అప్‌డేట్ పంపింది. వెబ్‌వ్యూను, క్రోమ్‌ను ప్లే స్టోరులో అప్‌డేట్ చేసుకున్నాక అవి దారికి వచ్చాయి. ఊళ్ళో పదిమంది ఫోన్లలో ఒకే రోజు ఒకే బాధ వచ్చిందంటే మీ ఫోనును తప్పుపట్టకండి. ఒకటి రెండు రోజులు ఆగి మళ్ళీ అప్‌డేట్ చూడండి. ఈలోగా అదే వీడియోను క్రోమ్‌లో తెరిచి చూడవచ్చు. పాత ఫోనువాళ్ళకు కూడా ఇది అక్కరకు వస్తుంది.

అసలు నష్టం మరోచోట ఉన్నది. విసుగెత్తి కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతాం. దొరికిన నంబరు మోసగాడిది కావచ్చు. వాడు మర్యాదగా మాట్లాడి, మీ తెర వాడికి కనిపించే యాప్ ఒకటి పెట్టించి, ఓటీపీ అడుగుతాడు. పత్తి అమ్మిన డబ్బు గంటలో పోతుంది. వీడియో బాగుచేయటానికి మీ బ్యాంకుతో ఎవరికేం పని? లింకులో పంపిన ఏపీకే ఫైలు కూడా పెట్టకండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. రైతుల సమావేశంలో చూపదలచిన వీడియోను ముందురోజే ఆడించి చూసుకోండి, వీలుంటే దింపి ఉంచుకోండి. మందు పేరు, మోతాదు మాత్రం కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి. ఆగిపోతున్న వీడియోలో సగం విన్న మోతాదు రైతు చేత తప్పు పిచికారీ చేయిస్తుంది.

ఇన్నీ చేసినా ఫోను మొరాయించిందనుకోండి, పురుగు మన కోసం ఆగదు కదా! కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. మీటల ఫోను అయినా సరిపోతుంది. ఫోను చేసే ముందు పైరు వయసు, మచ్చలు ఏ ఆకు మీద ఉన్నదీ, ఇప్పటివరకు ఏ మందు కొట్టిందీ చూసి పెట్టుకోండి. వాళ్ళు మొదట అడిగేవి అవే.