మైనర్ చదువు, మా అమ్మ కూలి

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము నలుగురం. పాడేరు, అరకు వైపు ఊళ్ళ నుంచి వెళ్ళి ఒకే యూనివర్సిటీలో డిగ్రీ చదువుతున్నాం. ఇద్దరిది బోటనీ, ఒకరిది కెమిస్ట్రీ, ఇంకొకరిది ఎకనామిక్స్. నలుగురం మైనర్‌గా తీసుకున్నది మాత్రం ఒకటే, ఆంట్రప్రెన్యూర్‌షిప్. దాని గురించి చెప్పమన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాం.

ముందుగా ఇంట్లో ఏమైందో చెప్పాలి. "మైనర్ చేస్తున్నాం" అంటే మాలో ఒకరి తాత పకపకా నవ్వాడు. ఆయనకు తెలిసిన మైనరు సిల్కు లాల్చీ వేసుకుని తాతల ఆస్తి తగలేసే మైనరు బాబు. అది కాదు తాతా, వ్యాపారం గురించిన చదువు అని చెప్తే నవ్వు ఆపేశాడు. "అంటే సావుకారు అవుతావా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మాకు గుచ్చుకుంటూనే ఉంది. మన ఊళ్ళలో వ్యాపారి అంటే తూకం రాయి తేలిక చేసినవాడు, ఉప్పు ఇచ్చి చింతపండు పట్టుకుపోయినవాడు. అలాంటి వాళ్ళ బారి నుంచి కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. కాబట్టి తాత అడిగినదాంట్లో తప్పులేదు.

ఇప్పుడు చదువు సంగతి. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన ప్రణాళిక ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ దానికి 160. అందులో మైనర్‌కు మూడేళ్ళలో 24, నాలుగేళ్ళలో 32. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24లో ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి మొదలైంది. అన్ని కాలేజీల్లో అన్ని మైనర్లూ ఉండవు. చేరకముందే అడగండి. చేరాక అడిగితే ఉన్నదాంట్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. బీటెక్ వాళ్ళకు లెక్క వేరు. అక్కడ మైనర్ అంటే మామూలు డిగ్రీ పైన మరో 18 నుంచి 20 క్రెడిట్లు. బ్యాక్‌లాగులు మోస్తున్నవాళ్ళు అటు చూడకపోవడమే మంచిది.

మొదటి సెమిస్టర్ మాకు బాగాలేదు. క్లాసులో సగం మంది ఇళ్ళలో కొట్లు ఉన్నాయి. జీఎస్టీ అంటే ఏమిటో వాళ్ళకు అన్నం తింటూనే తెలిసిపోయింది. మేము రాసుకుని బట్టీ పట్టాలి. వేల కోట్ల కంపెనీల కథలు చెప్పేవాళ్ళు. మాకు వాటితో పని లేదు, ఇప్పుడూ లేదు. ప్రాజెక్టు ఇవ్వమంటే మేము కూడా అందరిలాగే ఒక యాప్ గీశాం, ఏజెన్సీ సరుకులు ఇంటింటికీ చేర్చే యాప్. స్లైడ్లు అందంగా వచ్చాయి. మేడమ్ అంతా చూసి ఒక్క ప్రశ్న అడిగారు. "కిలో చింతపండు తయారవడానికి మీ ఇంట్లో ఎంత ఖర్చవుతుంది?"

నలుగురం చింతచెట్ల కింద పెరిగినవాళ్ళమే. ఒక్కరికీ జవాబు రాలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళి అమ్మను అడిగాం. "కర్సేటిరా? సెట్టు మనదే, సేతులు మనవే" అంది. సరేనని నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాం. నాన్న చెట్టెక్కి దులపడానికి, పిన్ని కింద ఏరడానికి రెండు రోజులు. అవి నాలుగు పనిదినాలు. అమ్మ, పిన్ని కలిసి పెంకు ఒలిచి పిక్క తీయడానికి మూడు రోజులు. అవి ఆరు. మొత్తం పది. పిక్క తీసిన పండు 40 కిలోలు వచ్చింది. జీపు ఛార్జీ 120. సంతలో వ్యాపారి తరుగు కింద రెండు కిలోలు కొట్టేసి 38 రాశాడు. కిలో 65 చొప్పున 2,470 రూపాయలు చేతికొచ్చాయి. జీపు ఛార్జీ పోతే 2,350. పది రోజులకు పంచితే రోజుకు 235. ఆ ఏడాది, అంటే 2024-25లో, ఉపాధి హామీ కూలి రోజుకు 300.

అంటే అడవిలో, సొంత చెట్టు కింద, సొంత ఇంట్లో మా అమ్మ కూలి రేటు కంటే తక్కువకు పనిచేసింది. చెట్టుకు అయితే ఏమీ రాలేదు.

ఆ లెక్క చదివి వినిపిస్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఉపాధి పని రోజూ దొరుకుద్దేటి?" నిజమే. అప్పట్లో ఏడాదికి ఇంటికి 100 రోజులే. కాలేజీకి తిరిగి వెళ్ళి ఇదే చెప్తే మేడమ్ ఆ రోజు పాఠమంతా అమ్మ ప్రశ్న మీదే చెప్పారు. ఒక పని చేస్తున్నప్పుడు వదులుకున్న పని విలువ ఎంత అన్నది ఆర్థికశాస్త్రంలో పెద్ద విషయమే. మూడు నెలలుగా పుస్తకంలో అర్థం కానిది అమ్మ నోటి నుంచి వచ్చాక అర్థమైంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. చింతపిక్కల పొడి నుంచి గంజి తీస్తారు, దాన్ని బట్టల మిల్లుల్లో వాడతారు. పిక్కకు కూడా ధర ఉంది. పిక్క తీయకుండా కాయ అమ్మేసే ఇళ్ళు దాన్ని ఉచితంగా ఇచ్చేస్తున్నట్టే.

ఇక్కడితో ఆపేస్తే మేమేదో సాధించేసినట్టు ఉంటుంది. కాదు. ఆ మరుసటి ఏడాది తెలివి ఎక్కువైంది. సీజన్లో అమ్మకూడదు, దసరాకు ధర పెరుగుతుంది అని ఐదిళ్ళ వాళ్ళకు నచ్చజెప్పాం. కిలో 70 పలుకుతుంటే అమ్మనివ్వకుండా 150 కిలోలు గోనెసంచుల్లో కట్టి రేకుల గదిలో పెట్టించాం. శ్రావణం వచ్చేసరికి పండు నల్లబడి, చెమ్మగిల్లి, ముద్దయిపోయింది. చివరికి 40కి పోయింది. 4,500 రూపాయలు నష్టం. మా కెమిస్ట్రీ అమ్మాయి తల పట్టుకుంది. చెమ్మ తగిలితే రంగు మారుతుందని ఆమెకు తెలుసు. మేము ఆమెను అడగలేదు, బిజినెస్ ప్లాన్లో ఆ గడి లేదు కాబట్టి. తలా 1,125 స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి తీసి ఐదిళ్ళకూ కట్టాం. ఒక పెద్దమ్మ తీసుకోనంది. మిగతావాళ్ళు తీసుకున్నారు, తీసుకోవాలి కూడా.

అందుకే మేజర్ వదిలేసి దీని వెంట పడమని మేము చెప్పం. పండు ఎందుకు నల్లబడుతుందో చెప్పేది మేజర్, నల్లబడితే ఎవరికి ఎంత పోతుందో చెప్పేది మైనర్. రెండూ ఒకే మనిషి దగ్గర, లేదా ఒకే గదిలో ఉండే నలుగురి దగ్గర, ఉండాలి.

బ్యాంకు సంగతి కూడా చెప్పాలి. ఒక బ్యాంకుకు వెళ్తే పట్టణంలో స్థలం ఉందా అని అడిగారు. ఏజెన్సీ పట్టా చూపిస్తే, దీన్ని రేపు ఎవరికి అమ్ముకోవాలి అన్నారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు పోకుండా ఆపే 1/70 చట్టం వల్లే ఈపాటి భూమైనా మనకు మిగిలింది. దాన్నే లోపంలా చూపిస్తే తల దించుకుని వచ్చేశాం. తర్వాత క్లాసులో తెలిసింది, చిన్న పరిశ్రమలకు ఒక పరిమితి వరకు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉందని. పీఎంఈజీపీ పథకంలో గ్రామాల్లోని ఎస్టీలు తమ వాటాగా పెట్టాల్సింది 5 శాతం, రాయితీ 35 శాతం. ఈ రెండు కాగితాలూ ప్రింటు తీసుకుని మళ్ళీ వెళ్ళాం. ఈసారి కుర్చీ వేశారు. దరఖాస్తు ఇంకా అక్కడే ఉంది.

వన్‌ధన్ కేంద్రాల గురించి కూడా ఒక మాట. 20 మంది చొప్పున 15 సంఘాలు, మొత్తం 300 మంది, కేంద్రానికి 15 లక్షలు. కాగితం మీద మంచి ఏర్పాటు. మేము చూసిన ఒక కేంద్రంలో యంత్రం వచ్చింది, దానికి కావలసిన త్రీఫేజు కరెంటు రాలేదు. టార్పాలిన్ కప్పి ఉంచారు. అక్కడి అక్కలకు కావలసింది ఇంకో యంత్రం కాదు. వాళ్ళ పక్కన కూర్చుని లెక్క రాసి, కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టి, వారం వారం వెళ్ళి అడిగే చదువుకున్న పిల్ల కావాలి.

ఈ ఏడాది మేము చిన్నగా చేస్తున్నాం. సగం పండు సీజన్లోనే అమ్మించాం. మిగతాది బాగా ఎండబెట్టి, అరకిలో చొప్పున గాలి దూరని మందపాటి కవర్లలో సీలు వేశాం. ఆహార భద్రత నమోదుకు మా స్థాయి వాళ్ళం కట్టింది ఏడాదికి 100 రూపాయలు. కవరు మీద ధర వేసే ముందు అమ్మ రోజుకూలి 300 కలిపాం. పిన్ని "ఇంత ధరకు ఎవరు కొంటారు?" అంటోంది. రెండు హాస్టల్ మెస్సులు కొన్నాయి, మూడోది బేరమాడుతోంది.

తాత మాత్రం ఇంకా మమ్మల్ని నమ్మలేదు. పోయిన వారం తూకం మిషను ఇంటికి తెస్తే, దాని మీద ముందు తన చుట్టల కట్ట పెట్టి చూసుకున్నాడు. తర్వాత అదే కట్టను పక్కింటి తక్కెడలో కూడా తూచి చూశాడు.

మీ ఇంట్లో అడ్డాకు కుట్టేవాళ్ళో, కొండచీపుర్లు కట్టేవాళ్ళో ఉంటే ఈ సీజన్లో వాళ్ళ పక్కన కూర్చుని రోజులు రాయండి. చెట్టెక్కిన రోజు, ఏరిన రోజు, మోసిన రోజు, సంతకు పోయిన రోజు, అన్నీ రాయండి. ఆ పేజీ ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టండి. చింతపండు లెక్క ఒక్కటే మా దగ్గరుంది. చీపురు లెక్క ఎవరి దగ్గరా లేదు.