డబ్బా మీది అంకె



నాన్నగారి పాత చిన్న కారులో స్పీకర్లు పాడయ్యాయి. ఘంటసాల పాట పెడితే గరగరమనేది. "నా చెవులే పోయినట్టున్నాయిరా" అన్నారాయన. మనసు చివుక్కుమని కొత్తవి కొనడానికి బయల్దేరాను.

దుకాణంలో ఒక డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 300 వాట్లు అని ఉంది. అది క్షణకాలం తట్టుకునే గరిష్ఠం. నిలకడగా తట్టుకునేది, అంటే ఆర్ఎంఎస్, అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: 40. మామూలు కారు స్టీరియో నిలకడగా ఇచ్చేదే స్పీకరుకు 20 వాట్ల దాకా! అందుకే సెన్సిటివిటీ చూడాలి. అది 3 డెసిబెల్స్ ఎక్కువుంటే సగం పవర్‌తోనే అంత శబ్దమూ వస్తుంది. స్టీరియోకు సరిపడే ఓమ్‌లు, సాధారణంగా 4, ఉండాలి. డోరు అద్దం దించినప్పుడు అయస్కాంతానికి తగలకుండా లోతూ కొలుచుకోవాలి.

ఆ డబ్బా వదిలేసి, 92 డెసిబెల్స్ ఉన్న మామూలు జత తెచ్చాను.

రుణ దరఖాస్తులోనూ టర్నోవరే పెద్దగా కనిపిస్తుంది. ఒకప్పుడు దాన్ని చూసి మురిసిపోయి నేనిచ్చిన అప్పు మొండి బకాయి అయింది. చూడవలసింది నెలనెలా నిలకడగా కట్టగల శక్తిని.

మొన్న కారులో నాన్నగారు "కాస్త సౌండు తగ్గించరా" అన్నారు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి.