గొఱ్ఱెపిల్లల నట్టలు - మన కర్తవ్యము



మనకు గొఱ్ఱెయే మాన్యము, గొఱ్ఱెయే మాగాణి. 2019 సంవత్సరపు పశుగణనమునుబట్టి తెలంగాణమున సుమారు 190 లక్షలును, ఆంధ్రప్రదేశమున సుమారు 176 లక్షలును గొఱ్ఱెలు కలవు. భారతదేశమున మొదటి రెండు స్థానములును తెలుగునేలవే. ఈ సంపదను పెంచినవారిలో మన గొల్ల కురుమ సోదరులే ముఖ్యులు. అట్లయ్యు ప్రతి వానకాలమునను, పాలు మాని పచ్చిక మరగిన పిల్లలు కొన్ని కన్నులు తెల్లబడి, మంద వెనుక చిక్కి, కూలిపోవుచున్నవి. దిష్టి యనుకొందుము, గాలి యనుకొందుము. పెక్కుచోట్ల కారణము నట్టలే. వానికి మందున్నది. కాని చూడక, తూచక త్రాగించుటవలన నా మందే మొద్దువాఱుచున్నది. ఈ సంగతినే మీకు విన్నవించుకొనుచున్నాను.

నట్టలలో భేదములు కలవు. పెంటికలపై బియ్యపుగింజలవలె తెల్లగా కానవచ్చునవి బద్దెపురుగు తునుకలు. ఇవి కంటికి కనబడును గనుక మనము వీనికే వెఱతుము. నత్తలుండు చెఱువుపట్టుల తడినేలల మేసిన గొఱ్ఱెలకు కార్జమున జలగలు పట్టును. మురికిదొడ్డిలో పసిపిల్లలకు నెత్తుటి పారుడు కలిగించు సూక్ష్మజీవులు వేఱు. వానిని కాక్సీడియా యందురు. నట్టలమందు వానిపై పనిచేయదు. దొడ్డి పొడిగా నుంచుటయు, వైద్యుడు వేఱుగా నిచ్చు మందును వానికి విరుగుడు.

వానకాలమున పిల్లల ప్రాణములు విశేషముగా తీయునది నాలుగవ కడుపున నుండు సన్నని ఎఱ్ఱపురుగు. దీనిని హీమాంకస్ అందురు. పొడవు అంగుళము మాత్రమే. ఒక్కొక్క పురుగు దినమునకు మిల్లీలీటరులో ఇరువదవ వంతు నెత్తురు హరించును. 500 పురుగులున్న పిల్ల దినమునకు 25 మిల్లీలీటర్లు కోలుపోవును. పది కిలోల పిల్ల యొడలిలోని నెత్తురు సుమారు 700 మిల్లీలీటర్లే. పది దినములలో నేమగునో మీరే లెక్క కట్టుకొనుడు. ఆడపురుగు దినమునకు అయిదువేలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. అవి పెంటికలతో నేలబడి, తడికిని వెచ్చదనమునకును ఒక వారములోనే పిల్లపురుగులై గడ్డిపోచల నెక్కును. ఆ గడ్డి మేసిన పిల్ల కడుపున సుమారు మూడు వారములకు పెరిగి మరల గ్రుడ్లు పెట్టును. ఈనిన తల్లి పెంటికలలో నీ గ్రుడ్లు మఱింత హెచ్చుగా నుండును. కావున పిల్లతోపాటు తల్లిని సైతము పరీక్షింపవలయును.

ఈ పురుగు పట్టిన పిల్ల తఱచు పారుకొనదు. అందుచే రోగము దాగియుండును. క్రింది కనుఱెప్పను దించి చూచుట సులభమైన మార్గము. ఎఱ్ఱగా నున్నచో మేలు, తెల్లబడినకొలది అపాయము. దక్షిణాఫ్రికాలో దీనికై అయిదు వన్నెల పట్టికను కల్పించిరి. ఫమాచా యనుపేర నది నేడు పెక్కుదేశముల వాడుకలో నున్నది. దవడక్రింద నీరు దిగుట ముదిరిన గుర్తు. వానకాలమున పదునైదు దినముల కొకమారు పిల్లలన్నిటి కన్నులను చూడవలయును.

మందు విషయమున నాలుగు మాటలు. మొదటిది తూకము. వైద్యుడు కిలోకు 5 మిల్లీగ్రాముల ఆల్బెండజోలు చెప్పెననుకొనుడు. మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాములుండు మందైనచో పది కిలోల పిల్లకు 2 మిల్లీలీటర్లు, పదునైదు కిలోల పిల్లకు 3 మిల్లీలీటర్లు. పదునైదు కిలోలదానిని పది యని కంటితో నెంచినచో మూడవవంతు మందు తగ్గును. అప్పుడు దుర్బలమైన పురుగులు చచ్చి, మందును తట్టుకొన్నవి మిగులును. వాని సంతతియే బీడంతయు నిండును. రెండవది, త్రాగించునపుడు తల మిక్కిలి పైకెత్తరాదు. నాలుక పట్టి లాగరాదు. మందు ఊపిరితిత్తులలోనికి పోవును. మూడవది, కన్నులెఱ్ఱగా, పుష్టిగా నున్న పెద్దగొఱ్ఱెలకు నెలనెలకు త్రాగింపనక్కఱలేదు. మందు తగులని పురుగులు కొన్ని మిగిలినచో మొండిపురుగుల సంతతి యొక్కటియే పెరుగదు. నాలుగవది, చూలు నిలిచిన మొదటి నెలలో ఆల్బెండజోలు ఇయ్యరాదు, పిండమునకు చేటు.

ఇక మేత. మంచు ఆఱిన పిదపనే పిల్లలను తోలుడు. గొఱ్ఱెలు మేయని క్రొత్త కోతపొలములను, పెద్దపశువులు మేసిన బీళ్లను ముందు పిల్లలకే కేటాయింపుడు. ఇంత వేరుసెనగ చెక్క పెట్టిన పిల్ల నట్టలను తట్టుకొనగలదు. క్రొత్తగా కొనితెచ్చిన గొఱ్ఱెలను కొన్నాళ్లు వేఱుగా నుంచి, పెంటికలు పరీక్ష చేయించి మందలో కలుపుడు.

సోదరులారా! దొడ్డి యెవరిది వారిదే కాని బీడు ఊరందఱిది. ఒకని యజాగ్రత్తవలన పుట్టిన మొండిపురుగు పదిమంది మందలలో చేరును. మందు పనిచేయనినాడు ధనికుడు వేఱొక మందు కొనును. ఇరువది గొఱ్ఱెల బీదకాపరి మందనే కోలుపోవును. కావున ఈ మహాసభవారు ప్రతి గ్రామసంఘమునను ఒక వ్రేలాడు కాటాను, మందు త్రాగించిన తేదీలు వ్రాయు పుస్తకమును ఏర్పాటు చేయింప ప్రార్థించుచున్నాను. మందు త్రాగించిన రెండు వారములకు పశువైద్యశాలలో పెంటికల పరీక్ష చేయించినచో, అది పనిచేసినదో లేదో తేటపడును. కాటా ఖరీదు ఒక్క గొఱ్ఱెపిల్ల ఖరీదును మించదు. అది కాపాడు పిల్లలు పెక్కు.