కొబ్బరి చిప్ప – మంచినీళ్లు



అంబాజీపేట అంటే కొబ్బరి మార్కెట్. కాయ కొట్టాక చిప్ప పొయ్యిలోకి పోతుంది. అదే చిప్ప నీళ్ల వాసన కూడా పోగొడుతుంది. ఎలాగో వినండి.

ఎండాకాలం గోదావరి కాలవలు కట్టేస్తారు. చెరువులో నిలవున్న నీటికి పాచి పడుతుంది. నీళ్లు మట్టి వాసన వేస్తాయి.

ఫ్యాక్టరీలో చిప్పల్ని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తారు. దానికి సుమారు 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తారు. బొగ్గు నిండా కంటికి కనపడని బెజ్జాలు పడతాయి. దీన్నే యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. ఒక్క గ్రాము బొగ్గులో బెజ్జాల గోడలన్నీ పరిస్తే దాదాపు 25 సెంట్ల నేలంత! వాసన, చెడ్డ రుచి ఆ గోడలకి అంటుకుపోతాయి. పొయ్యిలో బొగ్గుకి ఇంత బలం లేదు.

అయితే ఒక్క మాట. ఈ బొగ్గు క్రిముల్ని చంపదు. ఉప్పు తియ్యదు. క్రిముల్ని చంపే క్లోరిన్‌ని కూడా లాగేస్తుంది. కొన్నాళ్లకి బెజ్జాలు నిండిపోతాయి. అప్పుడు కొత్త బొగ్గు వెయ్యాలి.

వాసన లేనంత మాత్రాన నీళ్లు మంచివి కావు. విరేచనాలు, కామెర్లు తెచ్చే క్రిములకి వాసన ఉండదు. బొగ్గు ఫిల్టర్ ఉన్నా సరే, నీళ్లు మరగకాచి, చల్లార్చి తాగండి. పిల్లలకీ అవే పట్టండి.